పిల్లలతో కొండమీద మొదటి రాత్రి: త్రియుండ్‌కి నడిచి వెళ్లి, టెంటులో పడుకుని రావడం ఎలా

మైదానంలో పెరిగిన కుటుంబం మొదటిసారి కొండమీద రాత్రి గడిపి వస్తే, కాళ్ల నొప్పులు రెండు రోజుల్లో పోతాయి. రాత్రి రెండు గంటలకి చలికి వణుకుతూ లేచి కూర్చున్న పిల్ల మాత్రం ఇంకెప్పుడూ రానంటుంది. అందుకే ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా ఒకటే లెక్క: నడక తగ్గించండి, వెచ్చదనం పెంచండి. సామాను, తిండి, బయల్దేరే వేళ, టెంటు వేసే చోటు అన్నీ ఈ లెక్క ప్రకారమే తేల్చుకోవాలి.

ఉదాహరణకి తీసుకున్న చోటు హిమాచల్ ప్రదేశ్‌లో ధర్మశాల పైనున్న త్రియుండ్. ఎత్తు సుమారు 2,850 మీటర్లు. గల్లూ దేవి గుడి దగ్గర నడక మొదలుపెడితే 6 కిలోమీటర్ల దారి, 700 మీటర్ల ఎక్కుడు. ఇద్దరు పెద్దవాళ్లు, 12 ఏళ్ల అబ్బాయి, 8 ఏళ్ల అమ్మాయి ఉన్న కుటుంబం అనుకుని లెక్కలు వేశాం. అయిదేళ్లలోపు పిల్లలుంటే ఈసారికి పొద్దున వెళ్లి సాయంత్రం దిగిపోయే నడకతో ఆపండి. ఆ వయసు పిల్లలు తలనొప్పిగా ఉందనీ, ఒళ్లు చల్లబడుతోందనీ చెప్పలేరు.

ఎప్పుడు వెళ్లాలి

దసరా సెలవులు దీనికి చాలా బాగా కుదురుతాయి. సెప్టెంబరు చివరికి అక్కడ వానలు వెనక్కి తగ్గుతాయి. అక్టోబరంతా ఆకాశం తేటగా ఉండి, ఎదురుగా ధౌలాధార్ శిఖరాలు దగ్గరగా కనిపిస్తాయి. ఆ నెల చివర్లో పైన రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా పడిపోవచ్చు. గాలి వీస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. వేసవి సెలవుల్లో చలి తక్కువే కానీ మధ్యాహ్నం దాటాక ఉరుములు, వడగళ్లు రావడం మామూలు. జూలై, ఆగస్టుల్లో ధర్మశాలలో కుండపోత వర్షాలు పడతాయి, ఆ రెండు నెలలూ వద్దు. డిసెంబరు నుంచి మార్చి దాకా మంచు పడే కాలం, మొదటిసారి వెళ్లేవాళ్లకి కాదు.

పైన టెంట్లు వేసుకోవడం మీద అటవీశాఖ నిబంధనలు మారుతూ ఉంటాయి. వాతావరణ హెచ్చరిక వస్తే జిల్లా యంత్రాంగం దారి మూసేస్తుంది. టికెట్లు కొనేముందు ఒకసారి, నడకకి ముందు రాత్రి బస చేసే ఊరు ధరమ్‌కోట్ చేరాక ఇంకోసారి కనుక్కోండి.

ఆరు వారాల ముందు: అలిపిరి పరీక్ష

ఈ ఎక్కుడు ఎంతో తెలియాలంటే మనకి దగ్గర్లోనే కొలబద్ద ఉంది. అలిపిరి నడకదారి 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఎక్కే ఎత్తు ఇంచుమించు త్రియుండ్ అంతే. మీ ఎనిమిదేళ్ల అమ్మాయి ఆగి ఆగి అయినా సరే, ఎత్తుకోమనకుండా అయిదు గంటల్లోపు తిరుమల చేరితే త్రియుండ్ కూడా ఎక్కగలదు. పెద్దవాళ్లు వీపున 6 కిలోల బ్యాగు వేసుకుని ఎక్కి చూసుకోవాలి. పిల్లలతో నడిచేవాళ్లకి టీటీడీ వేళల నిబంధనలు ఉంటాయి, తెలుసుకుని తెల్లారగానే బయల్దేరండి.

తిరుపతి దూరమైతే ఇంటి మెట్లే చాలు. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకసారి ఎక్కితే సుమారు 15 మీటర్లు, పదిసార్లయితే 150. వారానికి మూడు రోజులు, ఆరు వారాలు చేయండి. లిఫ్టులో దిగొద్దు. తిరిగొచ్చే రోజు మోకాళ్లని ఏడిపించేది దిగుడే కాబట్టి దానికీ అలవాటు పడాలి. ఒక ఆదివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లోనో, మీకు దగ్గర్లోని ఏ గుట్ట మీదనో మూడు గంటలు నడవండి. మెట్లు సమంగా ఉంటాయి, రాళ్ల దారి అలా ఉండదు. చీలమండ ఆ తేడాని ముందే ఎరిగి ఉండాలి.

బూట్లు ఇప్పుడే కొనాలి. ప్రయాణానికి ముందు వాటితో కనీసం 40 కిలోమీటర్లు నడిచి ఉండాలి. పిల్లలకి సాయంత్రం పూట, మందపాటి సాక్సు తొడిగి కొనండి. పాదం ముందుకి జరిపినప్పుడు మడమ వెనక చూపుడువేలు దూరాలి. ఆ సందు లేకపోతే దిగేటప్పుడు వేళ్లు బూటుకి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి.

మేడమీద ఒక రాత్రి

ఇది మానేసిన కుటుంబాలే కొండమీద ఎక్కువ అవస్థ పడతాయి. టెంటు అరువు తెచ్చో, అద్దెకి తీసుకునో ఒక శనివారం రాత్రి డాబా మీద వేసి నలుగురూ పడుకోండి. డాబామీద మేకు దిగదు కాబట్టి మూలలకి ఇటుకలో పూలకుండీలో కట్టండి. రెండోసారి లైట్లు ఆర్పేసి తలకి పెట్టుకునే టార్చి వెలుగులో వేయండి. మొదటిసారి నలభై నిమిషాలు పట్టినా రెండోసారి పదిహేనుకి వస్తుంది. పిల్లల చేత జిప్పు తీయించండి, వేయించండి. స్లీపింగ్ బ్యాగులోంచి చీకట్లో ఎలా బయటికి రావాలో, టార్చి ఎక్కడ పెట్టారో వాళ్లకి తెలియాలి. ఇంట్లో ఆటలా నేర్చుకున్నది పైన భయాన్ని సగం తగ్గిస్తుంది.

బరువు లెక్క

పెద్దవాళ్లు ఒంటి బరువులో అయిదో వంతు, పిల్లలు పదో వంతు మోయొచ్చు, అంతకు మించొద్దు. నాన్న 72 కిలోలైతే 14, అమ్మ 58 అయితే 11.5, అబ్బాయి 36 అయితే 3.5, అమ్మాయి 24 అయితే 2.5 కిలోలు. మొత్తం దాదాపు 32.

ఇప్పుడు సామాను తూయండి. నలుగురి టెంటు 4.5 కిలోలు. స్లీపింగ్ బ్యాగులు నాలుగు, ఒక్కోటి కిలోన్నర చొప్పున 6. కింద పరిచే ఫోమ్ చాపలు నాలుగూ కలిపి 1.6. స్టవ్, గ్యాసు డబ్బా, రెండు గిన్నెలు, ప్లేట్లు 1.8. తిండి 3.2. నీళ్లు 6. మార్చుకునే బట్టలు, వానకోట్లు 5. మందులు, టార్చిలు, పవర్‌బ్యాంకు, చిల్లర సామాను 1.5. ఖాళీ బ్యాగుల బరువు 4.5. కూడితే 34 దాటింది. మోయగలిగింది 32.

ఈ రెండు కిలోలు ఎక్కడ తగ్గించాలన్నదే అసలు ప్రశ్న. నీళ్లూ వెచ్చటి బట్టలూ తగ్గించొద్దు. రెండో ప్యాంటు, తువ్వాలు, కెమెరా స్టాండు, పుస్తకం, తలదిండు తీసేయండి. బట్టలు కుక్కిన సంచే దిండవుతుంది. అప్పటికీ తగ్గకపోతే ధరమ్‌కోట్‌లో ఒక పోర్టరుని మాట్లాడుకోండి, టెంటు, స్లీపింగ్ బ్యాగులు అతను మోస్తాడు. సీజన్‌లో అనుమతి ఉంటే పైన వేసి ఉంచిన టెంట్లే అద్దెకి దొరుకుతాయి. మొదటిసారికి ఇందులో నామోషీ ఏమీ లేదు. పిల్ల అలసిపోయి తన బ్యాగు తీసేసినప్పుడు అది వేసుకోవడానికి మీ వీపున కాస్త జాగా ఉండాలి.

ఏది కొనాలి, ఏది అద్దెకి తేవాలి? ఒంటికి తగిలేవి కొనండి: బూట్లు, సాక్సులు, జాకెట్లు. టెంటు, స్లీపింగ్ బ్యాగులు, చాపలు ధరమ్‌కోట్, మెక్లియోడ్‌గంజ్‌ల్లో అద్దెకి దొరుకుతాయి. తీసుకునేముందు టెంటు షాపు ముందే పూర్తిగా వేసి చూడండి. రెండు కర్రలూ ఉన్నాయా, మేకులు డజను ఉన్నాయా, పైన కప్పే షీటు చిరగలేదా, తలుపు జిప్పు రెండు చివరల దాకా నడుస్తోందా చూడాలి. స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు అంకెలు రాసి ఉంటాయి. ‘కంఫర్ట్’ అని ఉన్నదాన్నే నమ్మండి, అది సున్నా డిగ్రీలు ఉంటే అక్టోబరుకి సరిపోతుంది. ‘లిమిట్’, ‘ఎక్స్‌ట్రీమ్’ అన్న అంకెలు హాయిగా నిద్రపట్టే చలికి కావు.

బ్యాగు సర్దడం, తగిలించుకోవడం

ముందుగా బ్యాగు లోపల పెద్ద చెత్త కవరొకటి మందంగా ఉన్నది తొడగండి. పైన వేసే వానకవరు వీపు వైపు నుంచి కారే నీళ్లని ఆపలేదు. ఈ లోపలి కవరే స్లీపింగ్ బ్యాగుని పొడిగా ఉంచుతుంది. అడుగున స్లీపింగ్ బ్యాగు, దాని మీద రాత్రి బట్టలు. బరువైనవి, అంటే తిండి, గిన్నెలు, నీళ్లు, వీపుకి ఆనుకుని రెక్కల ఎముకల మధ్య వచ్చేలా పెట్టాలి. బరువు బయటి వైపు ఉంటే బ్యాగు వెనక్కి లాగుతుంది, దాన్ని ఆపడానికి మనిషి ముందుకి వంగి నడుస్తాడు, గంటలో నడుము పట్టేస్తుంది. వానకోటు, చిరుతిళ్లు, మందుల సంచి అన్నిటికంటే పైన.

తగిలించుకునే వరస ఇది. పట్టీలన్నీ వదులు చేయండి. బ్యాగు వేసుకుని నడుము బెల్టుని తుంటి ఎముక మీదికి తెచ్చి బిగించండి. ఆ తర్వాత భుజాల పట్టీలు లాగండి. చివరగా ఛాతీ పట్టీ. సరిగ్గా కుదిరితే బరువులో మూడొంతులు తుంటి మీద పడి, భుజం పట్టీ కింద వేలు సులువుగా దూరుతుంది. చాలామంది బెల్టుని పొట్టమీద బిగిస్తారు, అది కిందికి జారి బరువంతా మెడమీద పడుతుంది.

పిల్లలకి ఛాతీ పట్టీ ఉన్న స్కూలు బ్యాగు చాలు. అందులో వాళ్ల నీళ్లు, జాకెట్, టార్చి, విజిల్, వాళ్ల వాటా చిరుతిళ్లు ఉండాలి. వాళ్ల వస్తువు వాళ్ల దగ్గరే ఉంటే నడకలో బాధ్యత వస్తుంది, విడిపోయినా ఆ పూటకి గడుస్తుంది.

ఒంటిమీద ఏముండాలి

నూలు బనియను, జీన్సు ఇంట్లోనే వదిలేయండి. మన ఊళ్లలో నూలు హాయి, అక్కడ అదే ముప్పు. ఎక్కేటప్పుడు చెమటకి తడిసిన బనియను ఆగగానే ఒంట్లో వేడిని లాగేస్తుంది, సాయంత్రానికీ ఆరదు. ఆటలకి వేసుకునే పాలిస్టరు టీషర్టు, దానిమీద ఫ్లీస్ (నూగులా మెత్తగా ఉండే వెచ్చటి పైచొక్కా), దానిమీద దూది నింపినట్టు ఉబ్బుగా ఉండే జాకెట్, అన్నిటిపైన వానకోటు. నడిచేటప్పుడు టీషర్టు చాలు. ఆగిన వెంటనే, చలి అనిపించకముందే ఫ్లీస్ వేయాలి. పిల్లలు ఆటలో పడి అడగరు, మీరే గుర్తుపెట్టుకుని వేయండి.

రాత్రికని ఒక జత బట్టలు, ఒక జత ఉన్ని సాక్సు, ఉన్ని టోపీ ప్లాస్టిక్ కవర్లో కట్టి పక్కన పెట్టండి. నడకలో ఎంత తడిసినా వాటిని ముట్టుకోకూడదు.

తిండీ నీళ్లూ

పైన నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, గ్యాసు అయిపోతుంది. అందుకే ఇంట్లో సగం వండి తీసుకెళ్లేవే ఎంచుకోవాలి. మొదటి మధ్యాహ్నానికి చపాతీలు, ఆలూ వేపుడు ధరమ్‌కోట్‌లో పొద్దున్నే కట్టించుకోండి. బస చేసిన చోట వంటగది ఇస్తే పులిహోర కలుపుకోవడం ఇంకా మంచిది.

రాత్రికి ఉప్మా. నలుగురికి బొంబాయి రవ్వ రెండు గ్లాసులు నేతిలో కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించండి. విడిగా ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టండి. కరివేపాకు చేత్తో నలిపితే గలగలమంటూ పొడైపోవాలి, తడి మిగిలితే మూడోరోజుకి ముక్క వాసన వస్తుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వద్దు. రెండూ పూర్తిగా చల్లారాక ఉప్పు కలిపి గట్టి జిప్పు కవర్లో వేయండి. పైన ఆరు గ్లాసుల నీళ్లు మరిగించి, ఒకరు గరిటె తిప్పుతుంటే ఇంకొకరు రవ్వ పోయాలి. మూత పెట్టి మంట ఆపేసి, గిన్నె చుట్టూ ఫ్లీస్ చుట్టి అయిదు నిమిషాలు ఉంచితే మెత్తగా మగ్గుతుంది. పొద్దున్నకి రాగిపిండి జావ, దోరగా వేయించిన అటుకులు. నడకలో పల్లీచిక్కీ, ఖర్జూరం, మనిషికి మూడు సున్నుండలు. మినుములు, బెల్లం, నెయ్యి కలిసిన సున్నుండకి మించిన కొండ తిండి బజారులో దొరకదు. పొడి అవ్వడమే దాని చిక్కు, డబ్బాలో పెట్టాలి.

గ్యాసు డబ్బా, అగ్గిపెట్టె, లైటర్ విమానంలోనూ రైల్లోనూ తీసుకెళ్లొద్దు, అక్కడే కొనండి. 230 గ్రాముల డబ్బా ఒకటి ఈ రాత్రికి సరిపోతుంది. బ్యూటేన్ మాత్రమే ఉన్న డబ్బా సున్నాకి దగ్గరపడితే ఆవిరి కాదు, మంట సన్నబడిపోతుంది. వంటకి పావుగంట ముందు డబ్బాని జాకెట్ లోపల పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. స్టవ్‌కి గాలి వచ్చే వైపు రాళ్లు అడ్డం పెట్టండి కానీ చుట్టూ మూసేయొద్దు, డబ్బా వేడెక్కితే పేలే ప్రమాదం.

నీళ్లు గల్లూ దగ్గర ఆరు లీటర్లతో బయల్దేరండి. దారిలోని టీ కొట్లు సీజన్‌లోనే ఉంటాయి, వాటి భరోసా మీద తగ్గించుకోవద్దు. పైన నీళ్లకి ఎద్దడి, ఊట దూరం. కొట్లో కొనుక్కోవాల్సి రావచ్చు. ఊటనీళ్లయితే బాగా తెర్లేదాకా మరిగించి, అలాగే మూడు నిమిషాలు ఉంచి తాగాలి. క్లోరిన్ బిళ్లలు వాడితే నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువసేపు ఆగాలి.

ధరమ్‌కోట్‌లో ఒక రాత్రి

పఠాన్‌కోట్‌లో రైలు దిగి 85-90 కిలోమీటర్లు రోడ్డు మీద రావొచ్చు, లేదా గగ్గల్ విమానాశ్రయంలో దిగొచ్చు. దిగిన రోజే కొండెక్కొద్దు. 2,500 మీటర్లు దాటితే ఎత్తు వల్ల తలనొప్పి, వాంతులు ఎవరికైనా రావచ్చు. 2,100 మీటర్ల దరిదాపులో ఉన్న ధరమ్‌కోట్‌లో ఒక రాత్రి పడుకుంటే ఒళ్లు అలవాటు పడుతుంది. ఆ రోజే అద్దె సామాను చూసుకోండి, పిల్లల గోళ్లు కత్తిరించండి. మీరు ఎప్పుడు వెళ్తున్నారో, ఏ వేళకి దిగుతారో బసలో ఒకరికి, ఇంటి దగ్గర ఒకరికి రాసి పంపండి.

నడక రోజు

పొద్దున ఏడున్నరకి గల్లూ దేవి గుడి దగ్గర ఉండాలి. అక్కడిదాకా జీపు వెళ్తుంది, కాళ్లని పైదారికి దాచుకోండి. చెక్‌పోస్టులో నలుగురి పేర్లూ నమోదు చేయించండి.

మొదటి సగం దేవదారు, సింధూర (ఓక్) వృక్షాల నీడలో తేలికగా సాగుతుంది. వసంతంలో వస్తే బురాన్ష్ పూలు ఎర్రగా విచ్చి ఉంటాయి. ఇక్కడే జోరుగా నడిచి అలిసిపోవడం మొదటిసారి వాళ్లు చేసే తప్పు. ముందు చిన్నపిల్లని నడిపించండి, ఆమె వేగమే అందరి వేగం. వెనకాల ఒక పెద్ద మనిషి తప్పనిసరిగా ఉండాలి. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. పాతిక నిమిషాలు నడక, అయిదు నిమిషాలు ఆగడం. ఆగిన ప్రతిసారీ నాలుగు గుక్కల నీళ్లు, గంటకోసారి ఏదైనా తిండి. “నాన్నా, ఇంకెంత దూరం?” అని మొదలైందంటే చాలాసార్లు అది ఆకలే.

కాలు ఎక్కడైనా మండుతోందంటే అక్కడికక్కడే ఆగి బూటు విప్పించండి. ఎర్రబడిన చోట పేపరు టేపు ముడత లేకుండా అంటించాలి. బొబ్బ లేచాక చేసేది తక్కువ. పది నిమిషాల్లో చూద్దాంలే అనుకుంటే రేపటి దిగుడు పాడవుతుంది.

ఇంచుమించు సగం దారిలో మ్యాజిక్ వ్యూ అనే టీకొట్టు వస్తుంది. పదిన్నరకల్లా ఇక్కడ ఉంటే బాగున్నట్టు. చివర్లో 22 మలుపులు అని పిలిచే నిటారు రాళ్ల దారి, అసలు ఎక్కుడంతా ఇక్కడే. పిల్లలకి మలుపులు లెక్కపెట్టే పని అప్పజెప్పండి. ఈ మలుపుల మొదలుకి మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా చేరకపోతే వెనక్కి తిరగాలి. ఈ మాట ముందురోజు రాత్రే నలుగురూ ఒప్పుకుని ఉండాలి, అలిసిపోయినప్పుడు చర్చ తెగదు. ఉరుము వినిపించినా, ఎవరికైనా వాంతి అయినా టైముతో పనిలేదు, దిగడమే.

టెంటు ఎక్కడ, ఎలా

త్రియుండ్ ఒక బోడి గడ్డి గట్టు. చెట్టు నీడ లేదు, గాలికి అడ్డు లేదు. పెద్ద బండ వెనక, గాలి రాని వైపు చదునైన చోటు చూడండి. పల్లంగా, గిన్నెలా ఉన్నచోట నీళ్లు నిలుస్తాయి, చల్లగాలీ రాత్రి అక్కడికే జారి చేరుతుంది. గట్టు అంచుకి దూరంగా ఉండాలి, రాత్రి పిల్లలు బయటికి వచ్చే చోటది. టెంటు వేసేముందు అందరూ ఆ నేలమీద పడుకుని చూడండి. వీపుకింద గులకరాయి ఉంటే తెల్లార్లూ గుచ్చుతుంది. ఏటవాలుగా ఉంటే తల ఎత్తు వైపు పెట్టాలి.

తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు. మేకు పై కొస టెంటుకి దూరంగా వాలేలా, 45 డిగ్రీల ఏటవాలులో దిగ్గొట్టాలి. నిటారుగా కొట్టిన మేకు మొదటి గట్టిగాలికే ఊడొస్తుంది. కింద బండ తగిలి దిగకపోతే తాడుని మేకు నడుముకి ముడేసి, మేకుని అడ్డంగా పడుకోబెట్టి, దానిమీద తలకాయంత రాయి పెట్టండి. పైకప్పు తాళ్లన్నీ కట్టండి, గాలి లేదని వదిలేయొద్దు, అది రాత్రి తొమ్మిదికి రావచ్చు. పైషీటుకీ లోపలి గుడ్డకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి. రెండూ అంటుకున్న చోట నీళ్లు లోపలికి దిగుతాయి.

టెంటు లోపల స్టవ్ ఎప్పుడూ వెలిగించొద్దు, వానొచ్చినా, చలేసినా సరే. మూసిన టెంటులో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట కోసం అడవిలో కట్టెలు కొట్టకండి.

దొడ్డికి వెళ్లే చోటు చీకటి పడకముందే చూసి పిల్లలకి చూపించండి. నీళ్లకి, దారికి పెద్దవాళ్ల 70 అంగలు దూరం ఉండాలి, 70 అడుగులు చాలదు. చిన్న తాపీతో జానెడు లోతు గుంట తీసి, తర్వాత మట్టితో పూడ్చాలి. టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు పూడ్చొద్దు, కాయితంలో చుట్టి జిప్పు కవర్లో కిందికి తేవాలి.

రాత్రి

సూర్యుడు దిగే వేళకి, అంటే అక్టోబరులో ఆరింటిలోపే, వంట అయిపోయి అందరూ రాత్రి బట్టల్లో ఉండాలి. చలి పైనుంచి వస్తుందనుకుంటాం కానీ నిద్రలో వేడిని ఎక్కువగా లాగేది నేల. చాప సన్నగా ఉంటే దానికింద వానకోట్లు, ఖాళీ బ్యాగులు పరవండి. పిల్లలు మధ్యలో, పెద్దవాళ్లు రెండు అంచుల్లో.

ఉప్మా అయ్యాక మిగిలిన గ్యాసుతో రెండు లీటర్ల నీళ్లు కాచండి. ఒక్కపొర స్టీలు సీసాలో పోసి మూత గట్టిగా బిగించి, తలకిందులు చేసి ఒక నిమిషం చూడండి. చుక్క కారకపోతే మందపాటి సాక్సులో దూర్చి, పడుకునే పది నిమిషాల ముందు పిల్లల స్లీపింగ్ బ్యాగులో పాదాల దగ్గర పెట్టండి. సాక్సు లేకుండా పెడితే చర్మం కాలుతుంది. ఫ్లాస్కు దీనికి పనికిరాదు, అది వేడిని లోపలే దాచుకుంటుంది. నాలుగైదు గంటలు పాదాలు వెచ్చగా ఉంటాయి, పొద్దున్న అవే తాగే నీళ్లు.

పడుకునేముందు ఒక సున్నుండ తినిపించండి, ఒంటేలుకి తీసుకెళ్లండి. నిండిన పొట్ట వేడి పుట్టిస్తుంది. తర్వాత ఎవరైనా లేస్తే పెద్దవాళ్లు తోడు రావాలి. ముక్కూ నోరూ బ్యాగు లోపలికి ముడుచుకుని పడుకోనివ్వద్దు, ఊపిరి తేమకి బ్యాగు తడిసి తెల్లారుజామున చల్లబడుతుంది. అదే కారణంగా టెంటు పై కిటికీ నాలుగు వేళ్లు తెరిచి ఉంచాలి. పూర్తిగా మూస్తే నాలుగింటికి కప్పునుంచి చుక్కలు రాలతాయి, టెంటు కారుతోందని అనుకుంటారు.

బూట్లు లోపల పెట్టుకోండి. తిండంతా ఒకే సంచిలో మూతి బిగించి ఉంచండి. కుక్కలు, కోతులు తిరుగుతాయి, ఆ అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి.

గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన మూడు

ఉరుము: త్రియుండ్ లాంటి బోడి గట్టుమీద టెంటు పిడుగుని ఆపదు. ఉరుము వినబడితే రాతికట్టడంలోకి వెళ్లండి, అందుబాటులో లేకపోతే గట్టు దిగి అడవిలోకి. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా గట్టుమీదికి రావద్దు.

తలనొప్పి: నీళ్లు, తిండి, విశ్రాంతితో గంటలో తగ్గితే సరే. తగ్గకుండా వాంతులు మొదలైతే, పిల్ల తిండి ముట్టక మందకొడిగా పడుకుంటే, తడబడి నడిస్తే, అప్పుడు మందులతో ఆగొద్దు. ఎవరైనా తోడు తీసుకుని కిందికి దిగాలి. పారాసిటమాల్ మోతాదు పిల్లల బరువుని బట్టి ఊళ్లోనే డాక్టరు చేత అట్టమీద రాయించుకోండి. అత్యవసర నంబర్లు 112, 108. సిగ్నలు అన్నిచోట్లా ఉండదు.

తప్పిపోవడం: పిల్లల మెడలో విజిల్ ఉండాలి. దారి కనబడకపోతే వెతుక్కుంటూ తిరగకూడదు, దగ్గరున్న చెట్టునో రాతినో పట్టుకుని అక్కడే కూర్చుని మూడేసి సార్లు ఊదుతూ ఉండాలి. ఈ మాట వాళ్ల నోటితోనే రెండుసార్లు చెప్పించండి.

దిగడం

తెల్లారి ఎండ వచ్చేదాకా ఆగి టెంటు మంచు ఆరనివ్వండి, తడి టెంటు కిలో ఎక్కువ తూగుతుంది. బయల్దేరేముందు బూటు లేసులు చీలమండ దగ్గర గట్టిగా బిగించాలి, పాదం ముందుకి జారకుండా. నేలమీద మీవి కాని చిప్స్ కవర్లు కూడా రెండు మూడు ఏరండి.

దిగేటప్పుడు పిల్లలు పరుగెత్తుతారు, ఎక్కువ దెబ్బలు ఇక్కడే తగులుతాయి. ఈసారి పెద్ద మనిషి ముందు నడిచి వేగాన్ని పట్టి ఉంచాలి. అడుగు చిన్నది, మోకాలు కాస్త వంచి. చీలమండ మెలిపడితే బూటు విప్పొద్దు, వాపొచ్చి మళ్లీ ఎక్కదు. దానిమీదే క్రేప్ బ్యాండేజీ చుట్టి, బరువు వేరేవాళ్లు తీసుకుని నెమ్మదిగా దింపండి. మూడు గంటల్లో గల్లూ. చెక్‌పోస్టులో దిగినట్టు చెప్పి, ఇంటికి ఫోను చేయండి.

ఇల్లు చేరాక సొంత టెంటైతే డాబామీద నీడలో రెండు రోజులు పూర్తిగా ఆరబెట్టాకే మడవండి, తడితో చుడితే బూజు పట్టి పూత ఊడుతుంది. స్లీపింగ్ బ్యాగుని సంచిలో కుక్కకుండా కొక్కేనికి వేలాడదీయండి. బ్యాగుల్లోంచి ఒక్కో వస్తువూ తీస్తూ రెండు కుప్పలు వేయండి: వాడినవి, వాడనివి. రెండో కుప్ప తూచి, ఆ అంకె మీ సామాను జాబితా మీద రాసిపెట్టుకోండి.